ఎడ్ల నాడాల నలుపు

ఆ రోజుల్లో మా బోధన్‌లో ప్రతి వాసనకూ ఒక చిరునామా ఉండేది. చలికాలం వచ్చి ఫ్యాక్టరీలో చెరుకు ఆడటం మొదలైతే ఊరంతా ఉడుకుతున్న రసం వాసన. ఎండలు ముదిరే వేళకు అదే మడ్డి వాసనగా మారి, గాలి ఎటు తిరిగితే అటు వెళ్ళి ఆరేసిన బట్టల్లో కూర్చునేది. పసుపు ఉడకబెట్టే కాలంలో పల్లెల నుంచి వచ్చిన చుట్టాలు వాళ్ళ వాసన వాళ్ళు వెంట తెచ్చుకునేవారు. ఎవరింట్లో ఏ కట్టెలు మండుతున్నాయో, ఎవరు కొత్తగా బర్రెను కొన్నారో గడప దాటకుండా ముక్కుతోనే చెప్పేసే ముసలమ్మలు వాడకు ఇద్దరైనా ఉండేవారు. అలాంటి ఊళ్ళో గుట్టుగా ఒక కొత్త వాసనను పుట్టించి, ఎవరికి తెలుస్తుందిలే అని మూడు వారాలు నిశ్చింతగా తిరిగిన మనిషిని నేను. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. పట్నంలో రెండేళ్ళు చదువుకుని వచ్చాను కాబట్టి మా ఊరి గురించి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని.

ఇప్పుడు నన్ను ఎక్కడికైనా పిలిస్తే, వేదిక మీద ఎవరో ఒకరు కాగితం చూసి నా పేరు ముందు ఒక బారెడు బిరుదు చదువుతారు. నూలు, నార, ఉన్ని, గోనె, అద్దకం, అల్లిక, కొంచెం రసాయనం, కొంచెం శిల్పం, ఇవన్నీ కలగలిసిన కళ నాదని దాని సారాంశం. చదివేవారు మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటారు. మా అవ్వ (మా వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అనే అంటాం) బతికున్నంత కాలం ఇదే సంగతిని రెండు ముక్కల్లో చెప్పేది. "మా బిడ్డ సంచులు ఊడదీస్తది, మళ్ళ అల్లుతది." యాభై ఏళ్ళుగా నేను చేస్తున్నది నిజానికి అదే. కాకపోతే మధ్యలో రంగు వేయడం ఒకటుంది, అవ్వ ఆ మాట కావాలనే వదిలేసేది. రంగు మాట ఎత్తితే మా ఇంట్లో అందరికీ ఒక పొద్దు గుర్తొస్తుంది.

మా బాపు ఫ్యాక్టరీలో కాటా గుమస్తా. చెరుకు బండ్లు వరుస కట్టి వస్తే తూకం చూసి చీటీ రాసిచ్చే పని. మెడలో తులసిమాల, ఏడాదికోసారి ఆషాఢంలో పండరిపురం ప్రయాణం, ఏకాదశి నాడు మా అరుగు మీద భజన. మాల వేసుకున్నాక మందు ముట్టే మాట అటుంచి, కల్లు దుకాణం ఉన్న వీధిలోంచి నడవడానికి కూడా ఆయన ఒప్పుకునేవాడు కాదు, చుట్టు తిరిగి వచ్చేవాడు. అలాంటి మనిషిని ఎట్లా ఒప్పించిందో గానీ అవ్వ నన్ను పట్నంలో బొమ్మల కాలేజీకి పంపింది. దారం పనికి పట్నం దాకా పోవాల్నా, మన దగ్గర మగ్గాలు లేవా అని చుట్టాలు అడిగారు. (న్యాయమైన ప్రశ్నే.) బాపు ఒప్పుకున్నాడు గానీ మొత్తం చదువుకు ఒక్కసారే ఒప్పుకోలేదు. మృగశిర కార్తె వచ్చేసరికి ప్రతి ఏడూ కాలేజీ కాగితం మీద తండ్రి సంతకం కావాలి, ప్రతి ఏడూ ఆయన మొదటి నుంచి ఆలోచించేవాడు. రెండుసార్లు పెట్టాడు. ఆఖరి ఏడాది కాగితం ఆ వేసవిలో సందూకులో ఆయన ధోవతుల కింద పడి ఉంది. అదే వేసవిలో జక్రాన్‌పల్లి నుంచి ఒక సంబంధం కబురు కూడా వచ్చి ఉంది. పసుపు పండించే ఇల్లు, మంచివాళ్ళు. బాపు యాత్రకు బయల్దేరేలోపు సంతకం పడితే నేను పట్నం పోతాను, పడకపోతే జక్రాన్‌పల్లి పోతాను. పొద్దున లేస్తే నా కళ్ళు సందూకు మీదే ఉండేవి.

సెలవులకు వచ్చే ముందు మా దారాల మేడం (ఆవిడ కొంగుకు ఎప్పుడూ నాలుగు రంగుల దారం ముక్కలు అంటుకుని ఉండేవి, అందుకని ఆ పేరు) తిరిగి వచ్చేటప్పుడు ఒక పని చేసి తెమ్మంది. ఎవరి ఊరి సరుకుతో వాళ్ళే రంగు తీయాలి, బజారులో కొన్న రంగైతే ఆవిడ కన్నెత్తి కూడా చూడదు. ఏం చేయాలో బస్సు కామారెడ్డి దాటేలోపే నాకు తెలిసిపోయింది. చెరుకు కొట్టేశాక ఆకు కాల్చిన పొలం: నల్లటి నేల, వరుసగా పసుపుపచ్చని మోళ్ళు. ఆ బొమ్మతో ఆరడుగుల తెర, ఖాళీ చక్కెర సంచులు ఊడదీసిన గోనెదారంతో. సంచులకు మా వాడలో కొదవ లేదు. (చక్కెర దొరకని రోజులు అవి. ఖాళీ సంచిని ముందు నీళ్ళలో నానబెట్టి, ఆ తీపి నీళ్ళతో చాయ్ కాచుకుని, ఆ తర్వాతే నాకు ఇచ్చేవారు. కళకు మిగిలేది ఎప్పుడూ రెండో వంతే.) పసుపు రంగుకు నిజామాబాద్ జిల్లాలో పుట్టినదాన్ని, నేనెవరినీ అడగక్కర్లేదు. మిగిలింది నలుపు. దానికి కాలేజీకి వచ్చిన ఒక ముసలి అద్దకపు మేస్త్రి చెప్పిన పద్ధతి నా నోటుబుక్కులో ఉంది. తుప్పు పట్టిన ఇనుము, నల్లబెల్లం, నీళ్ళు కుండలో పోసి మూతికి గుడ్డ కట్టి మూడు వారాలు పులియబెట్టాలి. దారాన్ని కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టి, ఆ పులిసిన నీళ్ళలో వేస్తే అప్పటికప్పుడు నల్లబడుతుంది. ఇనుప నీళ్ళకు కరక్కాయ తగిలితే చాలు, నలుపే. మేస్త్రి చెబుతుంటే అక్షరం పోకుండా రాసుకున్నాను. నల్లబెల్లం, నీళ్ళు, కుండ, పులియబెట్టడం అని నా చేత్తో నేనే రాసుకుని కూడా, చెరుకు పండే ఊళ్ళో పుట్టి కూడా, ఇది ఇంకో వంటకం లాగా ఉందే అని నాకు ఒక్కసారీ అనిపించలేదు.

బెల్లానికి చందూర్‌లో మేనమామ ఇంటికి వెళ్ళాను. పాకం చెడి నల్లబడిన బెల్లం కావాలన్నాను, మంచిది వద్దన్నాను. మామ బెల్లం దిమ్మలను ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "బావకు ఎరుకేనా?" అని మాత్రం అడిగాడు. ఎరుకే అన్నాను. అబద్ధం కాదు. అవ్వకు చెప్పాను, అవ్వకు తెలిస్తే బాపుకు తెలిసినట్టే అని మా ఇంటి లెక్క. మామ దిమ్మలను పాత చీరలో చుట్టి, దాని మీద వంకాయలు పేర్చి, బస్సులో గంప కాళ్ళ కింద పెట్టుకో, ఎవరన్నా అడిగితే వంకాయలని చెప్పు అన్నాడు. మామకు నా మీద ఎంత ప్రేమ అనుకున్నాను.

ఇనుము కోసం నాల్‌బంద్ చాచా దగ్గరికి వెళ్ళాను. ఫ్యాక్టరీ గేటు బయట రేకుల షెడ్డులో ఎడ్ల గిట్టలకు నాడాలు కొట్టే పెద్దమనిషి ఆయన. చెరుకు బండ్లు నడిచినన్ని నెలలూ ఆయనకు తల ఎత్తే తీరిక ఉండదు, వేసవిలో పని ఉండదు. అరిగిపోయి ఊడిన నాడాలు షెడ్డు వెనక కుప్పగా పడి ఉంటే కావాలన్నాను. ఎందుకు బేటీ అన్నాడు. రంగు తీయడానికి అన్నాను. ఆయన నాడాను చేతిలో తిప్పి చూసి, గోటితో గీకి చూసి, ఇందులో రంగు ఎక్కడుందని అడిగాడు. ఉంది చాచా, బయటికి రావాలి అన్నాను. పట్నం చదువు పిల్లను పాడు చేసిందనుకున్నాడో ఏమో, జాలిగా రెండు దోసిళ్ళు ఎక్కువే పోశాడు.

పెరట్లో కట్టెల చాటున రెండు కుండలు పెట్టాను. నాలుగో రోజుకు బుడగలు వచ్చాయి. వారానికి వాసన వచ్చింది. పుల్లటి, ఘాటైన, కొంచెం తీపి కలిసిన వాసన. నాకైతే పరీక్ష పాసైనంత ఆనందం. పొద్దున, సాయంత్రం గుడ్డ విప్పి వేపపుల్లతో కలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, నోటుబుక్కులో రాసుకునేదాన్ని. బాపుకు మాత్రం ఏమీ తెలియలేదు. ఇరవై ఏళ్ళుగా మడ్డి వాసన మధ్య కూర్చుని ఆయన ముక్కు ఉద్యోగం మానేసింది. పులుసు మాడినా ఆయనకు అవ్వ చెప్పాల్సిందే. అవ్వకు వాసన వచ్చేది. రంగు గదా, రంగుకు గట్లనే ఉంటదేమో అనుకుని ఊరుకునేది.

పక్కింటి పెద్దమ్మ మొదట మజ్జిగ కోసం వచ్చింది. మర్నాడు నిప్పుల కోసం వచ్చింది. మూడో రోజు ఏమీ అడగకుండానే వచ్చి పెరటి గుమ్మంలో నిలబడి గట్టిగా ఊపిరి పీల్చి, అవ్వ భుజం మీద చెయ్యి వేసి, కష్టాలు అందరికీ వస్తయి చెల్లె, ఏం జేస్తం అని వెళ్ళిపోయింది. ఏం కష్టాలో అవ్వకు అర్థం కాలేదు. వెనకింటి గోడ తాత (ఆయన గడ్డం ఎప్పుడూ మా గోడ మీదే ఆని ఉండేది, మిగతా మనిషిని నేను సరిగా చూసిన గుర్తు లేదు) ఒక సాయంత్రం నేను కుండ కలుపుతుంటే చాలాసేపు ఏదో పాత స్నేహితుణ్ణి చూసినట్టు చూసి, "తుమ్మచెక్క ఏసినవా బిడ్డా?" అని మెల్లగా అడిగాడు. నాకు ఒళ్ళు పులకరించింది. తుమ్మచెక్క మా పాఠంలోనూ ఉంది! లేదు తాతా, ఎంత వేయాలి అన్నాను. జానెడు ముక్క చాలన్నాడు, కుండ నీడ పట్టున ఉండాలన్నాడు, తొందరపడొద్దన్నాడు, తొందరపడి పాడు చేసుకున్నవాళ్ళ కథలు రెండు చెప్పాడు. అన్నీ రాసుకుని, పైన "మా ఊరి అద్దకపు పెద్ద చెప్పినవి" అని శీర్షిక పెట్టి గీత గీశాను. పూర్తయ్యాక తనకొక చిన్న లోటాడు ఇయ్యమన్నాడు. తప్పకుండా ఇస్తానన్నాను. ఈయన దేనికి అద్దుకుంటాడో అనుకున్నాను గానీ పెద్దవాళ్ళను అడగకూడదని ఊరుకున్నాను.

పంతొమ్మిదో రోజు ఏకాదశి. ముందు రోజు తొలి చినుకులు పడి పొద్దున చల్లగా ఉంది. అరుగు మీద బాపు, ఆయనలాగే తులసిమాల వేసుకున్న స్నేహితులు ఐదారుగురు తాళాలు, మృదంగం పెట్టుకుని కూర్చున్నారు. ఒక అభంగం అయిపోయి రెండోది ఎత్తుకుంటుండగా ఆబ్కారీ జమేదార్, ఇద్దరు జవాన్లు మా ఇంటి ముందు సైకిళ్ళు దిగారు. జమేదార్‌ను ఊళ్ళో అందరూ చుక్క జమేదార్ అంటారు. ఒకే ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని అది ఏ ఊరి సరుకో, ఎన్ని రోజులు మురిగిందో చెప్పేస్తాడని పేరు. తెల్లటి కోరమీసం, భారీ మనిషి, మర్యాద తెలిసినవాడు. చెప్పులు విడిచి, తాళాలకు దండం పెట్టి, బాపు చెవి దగ్గరికి వంగి, పైనుంచి కాగితం వచ్చింది గుమస్తా సాబ్, కోపానికి రావద్దు, పెరడు చూడాలి అన్నాడు. బాపు నవ్వాడు. "సూస్కోండ్రి. తులసికోట తప్ప ఏమున్నది మా ఇంట్ల." ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

కట్టెలు జరిపారు. గుడ్డ విప్పారు. రెండు కుండల నిండా బుడగలు. జవాన్లు జమేదార్ వైపు చూశారు, జమేదార్ బాపు వైపు చూశాడు, బాపు అవ్వ వైపు చూశాడు, అవ్వ నా వైపు చూసింది. భజన వాళ్ళందరూ పెరటి గుమ్మంలో తాళాలు చేతుల్లోనే పెట్టుకుని నిలబడ్డారు. గోడ మీద తాత గడ్డం ఉన్నట్టుండి కనబడకుండా పోయింది. సారా కాదు సార్, రంగు అన్నాను. జమేదార్ తల ఊపాడు. ఇన్నేళ్ళ నౌకరీలో పశువుల మందన్నారు, మోకాళ్ళ నొప్పుల నూనె అన్నారు, పచ్చళ్ళలో వేసే పులుపన్నారు, రంగు అన్నవాళ్ళు మాత్రం ఇదే మొదలు బిడ్డా అన్నాడు. ఎద్దు నాడాలు తీసి చూపించాను. అవి చూసి ఆయనకు ఇంకా బాధ కలిగింది. నిషా ఎక్కాలని ఇనుప ముక్కలు కూడా వేస్తున్నారా ఈ మధ్య అని జవానును అడిగాడు. బాపు ఎడమ చేత్తో తులసిమాలను గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాడు.

ఇక జమేదార్ తన విద్య చూపించాడు. వేపపుల్ల కుండలో ముంచి, చుక్కను నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. ఏమీ తేలలేదు. అరచేతిలో కొంచెం పోసుకుని, మీసం తడిసేలా చప్పరించి, పుక్కిలించి, చాలాసేపు ఆలోచించాడు. ఆఖరికి ఆయన కళ్ళు తెరిచి, ఇది సారా గాదు అన్నాడు, ఎడ్లబండి నాకినట్టున్నది అన్నాడు. అంటున్నప్పుడే పక్కనున్న జవాను రెండడుగులు వెనక్కి వేసి, "సార్, మీ నోరు" అన్నాడు. నాలుక నల్లగా ఉంది. పళ్ళు నల్లగా ఉన్నాయి. ఎడమ వైపు మీసం కొస నల్లబడుతోంది. అది మా అందరి కళ్ళ ముందే పాకుతోంది. జమేదార్ వేలితో తుడుచుకున్నాడు, వేలూ నల్లబడింది. అంతటి భారీ మనిషి ఎక్కడివాడక్కడే కూలబడ్డాడు.

అప్పుడు నేను చేసిన పని చెప్పకపోతే ఈ కథ చెప్పడం దండగ. పరుగెత్తి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "సార్, మీ బుగ్గల కరక్కాయ ఉన్నదా?" అన్నాను. ఉంది. తొలి వానకు దగ్గు పట్టుకుంటుందని పొద్దున్నే ముక్క బుగ్గన పెట్టుకున్నాడట. నాకు ఎంత సంతోషమైందో! కుండ తయారైంది! ఇంకా రెండు రోజులుండగానే తయారైంది! ఇంత ముదురు నలుపు నేను పట్నంలో కూడా చూడలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని, "నాకేమన్న అయితదా బిడ్డా, నలుగురు పిల్లలున్నరు నాకు" అంటున్నాడు. నేను ఆయన గడ్డం పట్టుకుని ముఖం పక్కకు తిప్పి, ఏం గాదు సార్, జర ఎండలకు రాండ్రి అంటున్నాను. నీడలో నలుపు సరిగ్గా తెలియదు. ఎండలో చూస్తే కొంచెం నీలం వైపు మొగ్గింది. నీలం వైపు మొగ్గింది అని నేను పైకే అన్నానట. భజన వాళ్ళు విన్నారట. అవ్వే ముందు తేరుకుని, చెంబు తోమినట్టు తోముకొమ్మని నిమ్మచెక్క, ఉప్పు తెచ్చి ఇచ్చింది. పళ్ళు అరగంటకు కాస్త దారికొచ్చాయి. మీసం రాలేదు. రంగు అని కాగితం మీద రాసుకుని, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని జమేదార్ వెళ్ళిపోయాడు. భజన వాళ్ళు ప్రసాదం తీసుకుని తల వంచుకుని వెళ్ళారు. సారా కాదని తేలింది గానీ, ఏకాదశి నాడు గుమస్తా ఇంటి మీద ఆబ్కారోళ్ళు పడ్డారన్నది అప్పటికే కాటా దగ్గరికి చేరిపోయింది.

బాపు ఆ రోజు ఒక్క మాటే అన్నాడు. కుండలు ఇంట్లో ఉండొద్దు అని. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. వారం రోజులు నాతో మాట్లాడలేదు, అన్నం పెడితే తినేవాడు, లేచి వెళ్ళేవాడు. దారిలో ఎవరో, ఏం గుమస్తా సాబ్, చుక్క మాకేమైనా ఉన్నదా అని నవ్వులాటకు అడిగారని అవ్వ చెప్పింది. కాగితం సందూకులోనే ఉంది. యాత్రకు పది రోజులు లేవు. జక్రాన్‌పల్లి వాళ్ళు ఎప్పుడు రమ్మంటారని మళ్ళీ కబురు పంపారు. అవ్వ రెండుసార్లు సంతకం మాట కదిలించి చూసింది. ఆయన రెండుసార్లూ తువ్వాలు దులుపుకుని అరుగు మీదికి పోయాడు. నా చదువు ఇక అయిపోయిందని నాకు నమ్మకం కుదిరింది. అయినా తెర మధ్యలో వదలబుద్ధి కాలేదు. కుండలను నాల్‌బంద్ చాచా షెడ్డుకు మోయించి, అక్కడే దారం ముంచాను. కరక్కాయ నీళ్ళలో నానిన గోనెదారం లోపలికి వెళ్ళేటప్పుడు మట్టిరంగు, బయటికి వచ్చేటప్పుడు నలుపు. చాచా కొలిమి వదిలేసి వచ్చి చూశాడు. "ఇన్నేండ్లు కుప్ప పోసి పారేసిన గద బేటీ" అన్నాడు. ఆ తర్వాత ఎవరు వచ్చినా వాళ్ళను షెడ్డు వెనక్కి తీసుకెళ్ళి ఆరేసిన దారం తానే చూపించేవాడు. నేను పట్నం పోయే ఆశ లేకుండా, పట్నం వాళ్ళ కోసం తెర అల్లుతూ కూర్చున్నాను.

ఆదివారం పొద్దున జమేదార్ మళ్ళీ వచ్చాడు. యూనిఫారం లేదు, జవాన్లు లేరు, తువ్వాలు ముఖానికి చుట్టుకుని వచ్చాడు. బాపు అరుగు మీది నుంచి లేచి నిలబడ్డాడు. ఇంకేం కాగితం వచ్చిందో అని అవ్వ గుమ్మంలోకి వచ్చింది. జమేదార్ తువ్వాలు తీశాడు. ఎడమ మీసం కాకినలుపు, కుడి మీసం తెలుపు. సబ్బు పెట్టాడట, ఇసుక పెట్టాడట, చింతపండు పెట్టాడట. పోలేదు. ఆఫీసులో అందరూ కుడి పక్క నుంచి ఒకసారి, ఎడమ పక్క నుంచి ఒకసారి వచ్చి సలాం చేస్తున్నారట. ఇంటి ఆవిడ మాత్రం ఎడమ వైపు నుంచి చూస్తే పెళ్ళినాటి మనిషిలా ఉన్నావన్నదట. ఇంతా చెప్పి, నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "గీ కుడిది గూడ జెయ్యరాదు బిడ్డా" అన్నాడు.

నేను బాపు వైపు చూశాను. బాపు ఆ మీసం వైపు చూశాడు. తర్వాత, చాచా దగ్గరికి పోయి చెంబెడు తెచ్చుకొమ్మని నాతో అన్నాడు. వారం తర్వాత నాతో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే. తెచ్చి, కరక్కాయ నూరి, కుడి మీసానికి పట్టించి, పుల్లకు గుడ్డ చుట్టి మెల్లగా అద్దాను. అద్దం ఎవరు పట్టుకున్నారనుకున్నారు? తులసిమాల వేసుకున్న మా బాపు, ఆబ్కారీ జమేదార్ ముఖం ముందు, రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. కొంచెం పైకి, కొంచెం పక్కకు అని జమేదార్ చెబుతుంటే జరుపుతూ కూర్చున్నాడు. మీసం రెండు వైపులా సమానంగా నల్లబడ్డాక జమేదార్ దాన్ని మెలితిప్పుకుని, లేచి, నీ బిడ్డ చేతిల హునర్ ఉన్నది, పనితనం ఉన్నది గుమస్తా సాబ్ అని సలాం చేసి, తువ్వాలు భుజం మీద వేసుకుని ఊరి మధ్యలోంచే వెళ్ళాడు.

బాపు లోపలికి వెళ్ళి సందూకు మూత తీసిన చప్పుడైంది. కాగితం, కాటా దగ్గర రాసే కలం తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాడు. నన్ను పిలిచాడు. తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"ఆ దినం వాడు సస్తనేమో అని ఏడుస్తుంటే నువ్వు వాని నాలుక రంగు సూస్తున్నవు. నా ఇజ్జత్ పోతున్నది, పది మంది ముంగట పోతున్నది, నేను నీ మొకం దిక్కే సూస్తున్న. నీకు ఏ ఫికర్ లేదు. నువ్వు వాని నాలుకే సూస్తున్నవు."

నేను తల వంచుకున్నాను. ఆయనన్నది నిజమే.

"గిసుంటిదాన్ని జక్రాన్‌పల్లోళ్ళకు ఇస్తే ఆళ్ళేం జేస్కుంటరు?" అన్నాడు. "పో బిడ్డా. పట్నమే పో."

సంతకం పెట్టి, సిరా ఆరేదాకా కాగితాన్ని గాలికి పట్టుకుని నా చేతికిచ్చాడు. నేను ఏడ్చేశాను. అవ్వ లోపల గిన్నెలతో అవసరానికి మించి చప్పుడు చేసింది.

తెర మేడంకు నచ్చింది. నోటుబుక్కులో మా ఊరి అద్దకపు పెద్ద పేజీ ఇంకా నచ్చింది, అంత శ్రద్ధగా సమాచారం సేకరించినందుకు క్లాసులో చదివి వినిపించింది. (గోడ తాత అసలు దేని గురించి చెప్పాడో నాకు అప్పుడే, ఆ క్లాసులో కూర్చుని ఉండగా, ఉన్నట్టుండి వెలిగింది. చెయ్యి ఎత్తి చెప్పే ధైర్యం చాలలేదు.) ఆ తర్వాత ఎన్నో ఊళ్ళు తిరిగాను, ఎన్నో కుండలు పెట్టాను, కడుపు నింపుకున్నాను, పేరు కూడా కొంచెం వచ్చింది. బాపు నేను చేసినవాటిలో ఒక్కదాని గురించి కూడా బాగుందని గానీ బాగాలేదని గానీ అనలేదు. ఏమమ్మా, ఈసారి ఎవరి నాలుక అని మాత్రం అడిగేవాడు.

చాలా ఏళ్ళకు, ఒక చలికాలంలో, తెల్లవారుజామున బాపు నిద్రలోనే పోయాడు. నేను బస్సు దిగి ఇల్లు చేరేసరికి పొద్దెక్కింది. కప్పుకుని పడుకున్న గొంగడి ఇంకా ఆయన మీదే ఉంది. కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను, నిజంగానే ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ ఎప్పుడు మొదలైందో తెలియదు, కిటికీ ఎండ పడి ఆ గొంగడి నలుపు అంచు దగ్గర ఎర్రమట్టి వైపు తిరగడం చూస్తున్నాను. ఏ గొర్రె ఉన్నితో నేసిందో, ఎన్నేళ్ళ ఎండకు అట్లా తిరిగిందో అని ఆలోచిస్తున్నాను. పక్కన ఎవరో నా భుజం నిమురుతున్నారు. ఈసారి ఎవరి నాలుక అన్న బాపు మాట గుర్తొచ్చి, నవ్వు పొంగుకొస్తుంటే కొంగు నోట్లో కుక్కుకున్నాను. దుఃఖం ఆపుకుంటున్నాననుకున్నారు. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్తే అర్థం చేసుకుని నవ్వేవాడు ఒక్కడే, ఆయన ఆ గొంగడి కింద ఉన్నాడు.